మా మామ చెయ్యి

మా మామ దుండప్ప కుడిచేతికి మా ఊళ్ళో ఉన్న పేరు గౌడగారి మీసాలకు కూడా లేదు. వేటకుక్కల ఊరు మాది. ముధోళ చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా, కుక్క గొంతులో ఎముక ఇరుక్కుంటే ముందు దుండప్పను పిలవండి, దేవుణ్ణి తర్వాత పిలుద్దురుగాని అనేవాళ్ళు. ఆయన కుక్కను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో దవడ పట్టి, కుడిచేతి రెండు వేళ్ళు నాలుక పక్కగా లోపలికి జారవిడిచేవాడు. కుక్క ఒక్కసారి ఓకరించేది. వేళ్ళ మధ్య ఎముక ముక్క బయటికొచ్చేది. ఆ చేతిని కరిచిన కుక్క పుట్టలేదు.

"అది కుక్క మంచితనం గాదమ్మా రేణవ్వా, చేతి మంచితనం" అనేవాడు నాతో. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆ మాటకు నవ్వేదాన్ని. తర్వాత నవ్వడం మానేశాను. ఎందుకంటే ఆయన ఆ చేతిని నిజంగానే ఇంకో మనిషిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. గొడ్డలి ఎడమచేత్తో పట్టేవాడు. చెరకు కొట్టే రోజుల్లో కుడి అరచేతికి గుడ్డ చుట్టుకునేవాడు. చనిపోయిన మా అత్త ఆ చేతికి కొబ్బరినూనె రాసి, మిగిలింది తన తలకు పెట్టుకునేదట.

దుర్గవ్వ జాతరకు ఊరంతా మేకలు కోస్తారు. ఆ మర్నాడు మామ ఇల్లిల్లూ తిరిగి ప్రతి కుక్క గొంతులోనూ ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. దగ్గినా దగ్గకపోయినా సరే. ఆయన తండ్రి కాలం నుంచీ వస్తున్న ఆచారం అది. ఏ ఇల్లయినా తప్పిపోతే ఆ ఇంటివాళ్ళు నెల రోజులు మొహం ముడుచుకునేవాళ్ళు. ఇంత తమలపాకు, ఒక చెంబు మజ్జిగ, వాకిట్లో చాప, ఇంటి కుక్కలన్నీ వరసగా: పెళ్ళికొడుకును ఎదుర్కొన్నట్టు ఎదుర్కొనేవాళ్ళు ఆయన్ని.

ఆయన అడుగు పెట్టని ఇల్లు ఊళ్ళో ఒక్కటే. అది ఆయన సొంత చెల్లెలి ఇల్లు.

కాశవ్వ అత్తది మా వీధిలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఆమె మొగుడు హొళెబసప్పకు ఊళ్ళోకెల్లా మేలైన కుక్కలున్నాయి. ఎప్పుడో ఒక ఉగాది పందెంలో గెలుపు చెప్పే పెద్దగా మామ నిలబడి, హొళెబసప్ప కుక్క కంటే గౌడగారి కుక్క ముక్కు ముందుందని చెప్పాడు. "సొంత బావ కళ్ళకు నా కుక్క ముక్కు ఆనలేదా?" అని హొళెబసప్ప ఆ రోజు తలగుడ్డ విప్పి నేలకు కొట్టాడు. అంతే, ఆ గడప మా ఇంటివాళ్ళకు, మా గడప వాళ్ళకు మూసుకుపోయింది. కాశవ్వ అత్తకు మాత్రం అన్నతో మాట్లాడకపోతే అన్నం సయించదు. మొగుడి మాట దాటలేదు, నోరు ఆపుకోలేదు. అందుకని తమ గోడ దగ్గర నిలబడి, మా ఇంటిదాకా వినబడేట్టు, వాళ్ళ కుక్క సర్జాతో గట్టిగా మాట్లాడేది. "ఒరే సర్జా, మీ మామ చిక్కిపోయినాడంట, ఆ రేణవ్వను కాస్త నెయ్యి పొయ్యమని చెప్పరా!" మామ మా అరుగు మీద కూర్చుని అన్నీ వినేవాడు. జవాబు మాత్రం చెప్పేవాడు కాదు. ఆయన ఊళ్ళోకి ఎప్పుడు బయల్దేరినా ఆ ఇంటి ముందు నడక కొంచెం నెమ్మదించేదని నాకొక్కదానికే తెలుసు.

నేను చెప్పే ఏడు జాతరకు గౌడగారి వియ్యంకుడు జమఖండి నుంచి తన కుక్కను పందేనికి తెచ్చాడు. తెల్లగా, పొడుగ్గా, చూడ ముచ్చటైన కుక్క. పందెంలో సగం దూరం పరిగెత్తి నిలబడిపోయి దగ్గింది. "మేక ఎముక ఇరుక్కున్నట్టుండాది, దుండప్పకు కబురు పెట్టండి" అన్నారు గౌడగారు. మర్నాటి తిరుగుడు ఆ కుక్కతోనే మొదలైంది. ఎముక ఏదీ రాలేదు గానీ తెల్లటి నురగ వచ్చింది. కుక్క కాసేపు నెమ్మదించింది. "దిగిపోయింది" అన్నాడు మామ. తలగుడ్డ చివరకు చెయ్యి తుడుచుకుని పక్కింటికి నడిచాడు. అక్కణ్ణుంచి దాని పక్కింటికి. మధ్యాహ్నానికి వీధులన్నీ చుట్టి మా ఇంటికొచ్చాడు.

మా చంద్రి గొడ్లపాకలో పిల్లలకు పాలిస్తోంది. చంద్రి నా పుట్టింటి కుక్క. నా పెళ్ళయిన మర్నాడు మా నాన్న బుట్టలో పెట్టి పంపిన కూన. దానికిదే తొలి ఈత.

"దాన్ని వదిలెయ్యి మామా. పాలిచ్చేదని అంబలి, మజ్జిగ తప్ప ఏమీ పెట్టలేదు నేను. ఎముక ముట్టలేదు" అన్నాను.

"ఊరి కుక్కలన్నిట్నీ చూసి ఇంటి కుక్కను చూడకపోతే అలగదా తల్లీ?" అని నవ్వుతూ చంద్రి పక్కన కూర్చున్నాడు. చంద్రి ఆయన మోచేతిని నాకింది. ఆయన వేళ్ళు లోపలికి పోయాయి.

వారం తిరగకముందే ఊరు దగ్గడం మొదలుపెట్టింది. మామూలు దగ్గు కాదు. మెడ ముందుకు చాచి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు పెద్దగా దగ్గి, చివరికి ఓకరించి నురగ కక్కేవి. చూసిన ఎవరికైనా ఎముకే అనిపిస్తుంది. "జాతర ఎముకలు ఇంకా అరగలేదు" అనుకుంటూ జనం మళ్ళీ మామను పిలిచారు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఓకరించిన కుక్క కాసేపు దగ్గదు కదా, "దుండప్ప తీసేశాడు" అని అందరికీ నమ్మకం. సాయంత్రానికి మళ్ళీ దగ్గు. మామకు తిండి తినే తీరిక లేదు. పొద్దున పోయినవాడు వాడిపోయిన మొహంతో వచ్చేవాడు.

"ఏం ఎముకలో ఏమో, చేతికి చిక్కడం లేదు రేణవ్వా" అన్నాడొక రోజు, రొట్టె తుంచకుండా దాని వంక చూస్తూ. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

ఆ మర్నాడే చంద్రి దగ్గింది.

"ఎముక తినని కుక్కకు ఎముక ఎట్లా అడ్డం పడతాది మామా?" అని అడిగాను.

"ఏ ఎలుకనో తినింటాదిలే" అన్నాడు. ఆయన గొంతులో బలం లేదు. చంద్రి తర్వాత పిల్లలు దగ్గాయి. గుప్పెడంత కూనలు దగ్గితే ఒళ్ళంతా ఎగిరిపడుతుంది. అందరికంటే చిన్నది, నుదుటి మీద చుక్క ఉన్నది, పాలు తాగడం మానేసి మూడో రోజు పొద్దున నా కొంగులోనే చనిపోయింది. మామ దాన్ని మునగచెట్టు పాదులో పూడ్చి, చాలాసేపు పార పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నా మొగుడు సదాశివ చెరకు ట్రాక్టరు మీద ఫ్యాక్టరీ చుట్టూ తిరుగుతున్నాడు. ఫోన్లో చెబితే, "నాయన చూసుకుంటాడులే" అన్నాడు. నాయన చూసుకుంటున్నాడు కాబట్టే నాకు భయమని సదాశివకెలా చెప్పను?

ఆ సాయంత్రం నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే కాశవ్వ అత్త గోడ దగ్గర కచేరీ మొదలుపెట్టింది. "ఒరే సర్జా! ఊళ్ళో ఒక్క కుక్కకు నిద్ర లేదంటరా. నువ్వు మాత్రం రొట్టె తిని తోక ఊపుకుంటా తిరుగుతాండావు. మీ మామ చెయ్యి పడకపోవడమే మేలయినట్టుండాది గదరా నీకు!"

ఆమె దెప్పడానికే అంది. నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. గౌడగారి ఇల్లు, దాని పక్కన కమ్మరి వీరభద్రప్ప ఇల్లు, ఆ తర్వాత గురుబసవ్వ ఇల్లు... దగ్గు ఏ వరసలో వచ్చిందో మనసులో అనుకుంటూ పోయాను. జాతర మర్నాడు మామ నడిచిన వరసే అది. ఎక్కడా తప్పలేదు.

నీళ్ళోడుతున్న చేతులతోనే పోయి పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఆమె మర్నాడు స్కూటర్ మీద వచ్చింది. చిన్నమ్మాయి, కారవార వైపు మనిషి. గొడ్లపాకలోకి రాకముందే చేతులకు తొడుగులు వేసుకుంది. చంద్రి గొంతు దగ్గర ఊపిరిగొట్టాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కింది. చంద్రి వెంటనే దగ్గి ఓకరించింది.

"ఎముకేం లేదండీ. ఇది అంటుదగ్గు. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు వస్తుంది. పెద్దవాటికి మందిస్తే, విశ్రాంతిగా ఉంచితే తగ్గిపోతుంది. పిల్లలకు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం" అంది.

మామ అరుగు మీద కూర్చున్నాడు.

"ఎలా అంటుతుందమ్మా?" అని నేనడిగాను. అడగకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది.

"దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. ఒకే తొట్టిలో తాగితే వస్తుంది. రోగం కుక్క నోరు ముట్టుకున్న చేత్తో బాగున్న కుక్కను ముట్టుకున్నా వస్తుంది. మీ ఊళ్ళో ఇన్ని ఇళ్ళకు ఒక్కసారిగా పాకిందంటే..." డాక్టరమ్మ సూది మందు తీస్తూ మామూలుగా అడిగింది. "అన్ని ఇళ్ళకూ తిరిగి అన్ని కుక్కల్నీ ముట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నేను నేల చూపులు చూశాను. ఏదో ఒక అబద్ధం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా.

"నేను" అన్నాడు మామ.

డాక్టరమ్మ తలెత్తింది.

"నేనేనమ్మా. జాతర మర్నాడు. జమఖండి కుక్కతో మొదలుపెట్టినా." తన చేతిని ఒకసారి తిప్పి చూసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "తలగుడ్డకు తుడుచుకున్నా. అది చాలదేమో గదా?"

"సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి. మీకు తెలియదు కదండీ" అంది డాక్టరమ్మ జాలిగా.

"తెలీదు" అన్నాడు మామ. "ఇప్పుడు తెలిసింది. ఏం చెయ్యాల్నో అంతా చెప్పు. నిదానంగా చెప్పు, నేను ఊరికి చెప్పాల."

ఆమె చెప్పింది. దగ్గే కుక్కను విడిగా, గాలి ఆడేచోట కట్టాలి. మెడకు తాడు వెయ్యకూడదు, గొంతు నొక్కుకుంటుంది. ఛాతీ చుట్టూ గుడ్డపట్టీ కట్టాలి. పరిగెత్తించకూడదు. ఏ కుక్క గిన్నె ఆ కుక్కకే. దగ్గు తగ్గినట్టు కనిపించినా ఇంకొన్ని వారాలు వేరే కుక్కల్లో కలపకూడదు. ఇంకా అంటని కుక్కలుంటే వాటి ముక్కులో చుక్కల టీకా వేస్తానంది. రోగం కుక్కల్ని చూసుకునే మనిషి మంచి కుక్కల దగ్గరికి పోకపోవడం మేలని కూడా చెప్పింది. మామ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు, బడిపిల్లవాడిలా.

ఆమె వెళ్ళిపోయాక పెరట్లోకి పోయి చేతులు తోముకున్నాడు. సబ్బు సగం అరిగిపోయింది. ఇంకో పంచె కట్టుకుని, తలగుడ్డ లేకుండా వచ్చాడు. మా మామను ఉత్త తలతో వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"యాడికి మామా?"

"చెప్పి రావాల గదా."

"నేనూ వస్తా."

"వద్దు తల్లీ, తిడతారు."

"తిడితే ఇద్దరం పంచుకుందాం" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు.

జాతర మర్నాడు నడిచిన వరసలోనే నడిచాడు. అయితే ఈసారి ఏ గడపా దాటలేదు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని వాకిలి బయట నిలబడి చెప్పాడు. గౌడగారి ఇంటి ముందు మొదలు.

"అది ఎముక గాదు గౌడా. అంటుదగ్గు. మీ వియ్యంకుడి కుక్క తెచ్చింది, నా చెయ్యి ఊరంతా పంచింది."

గౌడగారు ఉయ్యాలబల్ల మీంచి లేచారు. "నోరు మూసుకో దుండప్పా! మా ఇంటికొచ్చిన కుక్క మీద నింద వేస్తావా? నీ చేతి మీద నువ్వే మన్ను పోసుకుంటావా? ఎవతో టౌను పిల్ల చెప్తే?"

"నింద గాదు, నిజం. కుక్క మెడకు తాడు తీసి ఛాతీకి గుడ్డపట్టీ కట్టించు. ఉగాది పందెం ఈ ఏడు పెట్టొద్దు."

"పందెం లేకపోతే చుట్టుపక్కల ఊళ్ళ ముందు మన ముక్కు తెగదా?"

"ముక్కు తెగితే తెగనీ, కుక్కలు బతుకుతాయి. గెలుపు చెప్పేది నేనే గదా? నేను రాను. ఇంకెవుడన్నా చెప్తే ఒప్పుకునేవాడు ఈ ఊళ్ళో ఉంటే పెట్టుకో."

గౌడగారు మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయారు. లోపల్నుంచి దగ్గు వినబడింది. "పట్టీ ఎట్లా కట్టాల్నో ఆ పిల్లను చెప్పమను" అన్నారు చివరికి, నా వైపు చూపిస్తూ. నేను నా పైట చెంగుతోనే చేసి చూపించాను.

కమ్మరి వీరభద్రప్ప అసలు నమ్మలేదు. "పోవయ్యా, దేవుడిచ్చిన చెయ్యి అది, దాంట్లో రోగముంటాదా?" అని నవ్వి, లోపలికొచ్చి మళ్ళీ చెయ్యి పెట్టమని బతిమాలాడు. మామ వెనక చేతులు విప్పలేదు. తిట్టినవాళ్ళ కంటే అలా నమ్మినవాళ్ళ దగ్గరే ఆయన ఎక్కువ నలిగాడు. వాళ్ళ నమ్మకాన్ని తన నోటితో తనే తుంచాలి కదా. గురుబసవ్వ మాత్రం నమ్మింది. నమ్మి విరుచుకుపడింది. ఆమె కుక్కకు పుట్టిన పిల్లల్లో ఒక్కటీ మిగలలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల దుండప్పన్నా? ఇప్పుడొచ్చి చెప్తే నా కూనలొస్తాయా?"

"రావు" అన్నాడు మామ.

"నీ చెయ్యి పడిపోను!"

"అను గురుబసవ్వా. అనాల్సిందే. అని, పెద్దకుక్కను మాత్రం నీడలో కట్టు. మెడకు తాడు తీసెయ్యి."

ఆమె ఏడుస్తూనే పోయి తాడు విప్పింది. నేను మామ వెనకాలే నడుస్తున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి బాధవి మాత్రమే కావు. తన తప్పును ఊరు మొత్తానికి ముఖం మీద చెప్పడానికి నా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఇంకెవరు సరిపోతారా అని వెతుక్కున్నాను. ఎవరూ తోచలేదు.

ఇళ్ళన్నీ అయ్యాక మామ మా వాకిలి దాటి ఇంకా ముందుకు నడిచాడు. హొళెబసప్ప ఇంటి ఎదుట, వీధికి ఇటువైపు ఆగాడు.

"బసప్పా!"

పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. హొళెబసప్ప బయటికొచ్చాడు, నడుం మీద చేతులు పెట్టుకుని.

"నీ కుక్కలకు అంటలేదు. ఊళ్ళో విత్తనానికి మిగిలినవి అవే. వాటిని చెరకు తోటలో గుడిసెకు తోలుకుపో. వీధిలోకి వదలొద్దు. రేపు డాక్టరమ్మ వస్తాది, ముక్కులో చుక్కలు వేయించు."

"ఓహో! నా కుక్కల్ని ఊళ్ళోంచి తరిమేదానికి కొత్త ఎత్తా ఇది? ముక్కు ముందుందో వెనకుందో చూడ్డం చాతగాని కళ్ళకు దగ్గు బాగా కనబడతాండాదే!"

మామ మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం పాత దుండప్ప లేచి వస్తాడనుకున్నాను. "కళ్ళ సంగతి తర్వాత తిట్టు" అన్నాడు. "కుక్కల్ని ముందు తోలుకుపో."

అప్పుడు కాశవ్వ అత్త తలుపు వెనక నుంచి సర్జాతో అంది. "ఒరే సర్జా, మీ నాయన పోకపోతే పోనీ. నేనే నిన్ను తోటకు తీసుకుపోతా. అక్కడే రొట్టెలు కాల్చుకుని తిందాం. ఈయన ఇక్కడ పస్తుంటాడు." పొద్దుగూకేలోగా హొళెబసప్ప కుక్కలన్నీ తోట చేరాయి.

మిగతాది చాకిరీ. బావి దగ్గర ఊరి కుక్కలన్నీ తాగే రాతితొట్టిని మామ బోర్లించేశాడు. ఇంటింటికీ ఒక మట్టిమూకుడు పెట్టించాడు. డాక్టరమ్మ రోజు విడిచి రోజు వచ్చింది. మామా నేనూ చంద్రినీ పిల్లల్నీ వంతులవారీగా చూసుకున్నాం. మందు తేనెలో కలిపి నాకించడం, కూనల రొమ్ము మీద వెచ్చటి గుడ్డ వెయ్యడం, ఊపిరి ఎగపోస్తుంటే నిలువుగా ఎత్తి పట్టుకోవడం. ఇంకోదాన్ని పోగొట్టుకుంటామేమో అన్నంత దాకా వచ్చి, మిగిలిన పిల్లలన్నీ నిలబడ్డాయి. ఒక పొద్దున అవి ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ గొడ్లపాకలో దొర్లుతుంటే మామ గుంజకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. దగ్గరికి పోయి ముద్దు చెయ్యమన్నాను. చేతులు కడుక్కుని వస్తానన్నాడు. "మన కూనలేగా మామా" అంటే, "అలవాటు కానీ తల్లీ" అన్నాడు.

ఊళ్ళో పెద్దకుక్క ఏదీ చనిపోలేదు. ఉగాది పందెం మాత్రం ఆ ఏడు లేదని ముందే చెప్పేశారు. పక్క ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేశారు. "మీ ఊళ్ళో కుక్కలు పరిగెత్తవా, దగ్గుతాయా?" అని. గౌడగారే వాళ్ళకు జవాబు చెప్పారట: "మా దుండప్ప వద్దన్నాడు. ఆయన మాట మీద ఆగే దమ్ము మీ ఊరికి ఉండాదా?" ఆ మాట నా చెవిన పడ్డ రోజు రొట్టెలు రెండు ఎక్కువే కాల్చాను.

హోళి ముగిసిన మర్నాడు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, వీధి చివర కేకలు వినబడ్డాయి. హొళెబసప్ప సర్జాను భుజాల మీద వేసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. కాశవ్వ అత్త వెనకాల. తోటలో కూలీలు హోళి మాంసం వండుకుని పారేసిన ఎముకను సర్జా నమిలింది. నోరు మూయలేక చొంగ కారుస్తూ, పంజాలతో మూతిని గీరుకుంటోంది.

"బావా! బావా!" అని అరుస్తూ హొళెబసప్ప నేరుగా మా ఇంటి మీదికే వస్తున్నాడు.

మామ అరుగు మీంచి దూకాడు. "ఆగు! అక్కడే ఆగు! మా వాకిట్లోకి రావద్దు!"

హొళెబసప్ప నిలబడిపోయాడు. అతని మొహం చూసి నాకే ప్రాణం ఉసూరుమంది. "ఇంకా కోపమేనా బావా? కుక్క చచ్చిపోతాండాది."

"కోపం గాదు బసప్పా. మా ఇంట్లో ఇంకా దగ్గుండాది. నీ ఇంటికే పో. మీ అరుగు మీద పడుకోబెట్టు. పా, పా!"

వాళ్ళ అరుగు మీద సర్జాను దించారు. మామ వీధి మధ్య దాకా వచ్చి ఆగాడు. వీధంతా గుమిగూడింది. ఆయన చెయ్యి ముందుకు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకోవడం నేను చూశాను. పొద్దుటినుంచీ చంద్రి దగ్గరే ఉన్నాడు. సబ్బుంది, నీళ్ళున్నాయి. కానీ ఊళ్ళో మిగిలిన విత్తనం మీద ఆయన తన చేతిని నమ్మదలచుకోలేదు.

"నువ్వు పెట్టు బసప్పా."

"నా చేతులా? పారలు బావా ఇవి. దూరవు."

మామ చెల్లెలి వైపు తిరిగాడు. "కాశీ! చేతులు కడుక్కుని రా. నేను చెప్తా, నువ్వు తియ్యి."

వీధంతా గుసగుసలాడింది. మామ వంశంలో తరతరాలుగా చెయ్యి మగవాళ్ళదే. ఆడపిల్లకు ఎవరూ నేర్పలేదు. కాశవ్వ అత్త కొంగు నడుముకు బిగించి, చేతులు తోముకుని వచ్చి, సర్జా తలను మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది.

"దవడ ఎడమచేత్తో పట్టు" అన్నాడు మామ.

"పట్టినా."

"వేళ్ళు మధ్యలో పోనీకు. బుగ్గ వెంబడి..."

"తెలుసు."

"నాలిక కిందికి నొక్కి..."

"తెలుసులే అన్నా, నోరు మూసుకో!" అంది ఆమె, సర్జాతో కాదు, నేరుగా అన్నతో. "మన నాయన ఈ పని చేసేటప్పుడు దీపం పట్టుకుని లోపలికి చూసింది ఎవురనుకున్నావు? నువ్వు భయపడి మంచం కింద దూరేవాడివి!"

వీధంతా పకపకా నవ్వింది. ఆ నవ్వుల్లోనే సర్జా ఒక్కసారి ఓకరించింది. కాశవ్వ అత్త చెయ్యి పైకెత్తింది. వేళ్ళ మధ్య ఎండకు మెరుస్తూ పుల్లలాంటి ఎముక. సర్జా లేచి ఒళ్ళు విదిలించుకుని, ముందు ఆమె మొహం నాకి, తర్వాత ఆమె మొగుణ్ణి నాకింది. హొళెబసప్ప అరుగు మీద కూలబడి తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

"బావా" అన్నాడు. "ఆ రోజు మా కుక్క ముక్కు వెనకే ఉండింది. నాకూ కనబడింది. ఇంక చాలు, లోపలికి రా. నీ చెల్లెలు అన్నం పెడతాది."

ఆ పిలుపు కోసం మా మామ ఎన్నిసార్లు ఆ ఇంటి ముందు నడక నెమ్మది చేశాడో నాకు తెలుసు. ఆయన ఒక అడుగు వేశాడు. వేసిన అడుగును చూసుకున్నాడు. వెనక్కి తీసుకున్నాడు.

"రాను బసప్పా."

"అన్నా!" అంది కాశవ్వ అత్త.

"చంద్రి ఇంకా దగ్గుతాండాది కాశీ. నా కాళ్ళకేముందో, పంచెకేముందో. సర్జా ఇప్పుడు మీ అరుగు మీదే ఉండాది, దానికింకా అంటలేదు. డాక్టరమ్మ సరేనన్నాక, నువ్వు పిలవకపోయినా వస్తా. ఈ రోజు రాను."

కాశవ్వ అత్త లోపలికి పోయి ఇత్తడి గ్లాసు నిండా టీ తెచ్చింది. వీధి మధ్య రాయి మీద పెట్టి, వెనక్కి నడిచి తన అరుగు ఎక్కింది. అప్పుడు మామ ముందుకొచ్చి గ్లాసు తీసుకున్నాడు. నడి ఎండలో, తలగుడ్డ లేకుండా, ఊరంతా చూస్తుండగా నిలబడి తాగాడు. అటు అరుగు మీద చెల్లెలు, ఇటు వీధిలో అన్న. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు, ఇద్దరూ టీలో చక్కెర ఎక్కువైందని కొట్లాడుకుంటూనే ఉన్నారు.

"గ్లాసు ఆడ పెట్టి పో, నేను తీసుకుంటా" అంది ఆమె.

"నా నోరు తగిలింది. కడిగినా నీ ఇంట్లో పెట్టొద్దు. మా దగ్గరే ఉంటాదిలే."

"మా అత్త గ్లాసది! ముసల్దానికి తెలిస్తే స్వర్గం నుంచి దిగొస్తాది!"

"దిగొస్తే ఆమెను కూడా గడప బయటే నిలబెట్టు" అన్నాడు మామ.

ఆ గ్లాసు పట్టుకుని ఆయన మా ఇంటివైపు నడిచాడు. జనం రెండు పక్కలా జరిగి దారిచ్చారు. గురుబసవ్వ కూడా జరిగింది, తల వంచి. నేను ఆయన వెనకాల నడిచాను. కొత్త కోడలిగా ఈ వీధిలోకి వచ్చిన రోజున నా తల వంచే ఉంది. ఆ రోజు మాత్రం వంచలేదు.